నాలుగిళ్ళ పేరు

"ఏందిరా, కన్నతల్లి బతికుండగానే నిన్ను దత్తత ఇయ్యమంటాండాడా?" మల్లీశ్వరి టీ కప్పును ఠక్కున బల్ల మీద పెట్టింది. పచ్చటి టీ ఒలికి బల్ల చివరిదాకా పారింది.

"మెల్లగా మాట్లాడు మా. సార్ చూస్తాండాడు" అన్నాడు వీరబ్రహ్మం.

"సూడనీ. సూపులకు బయపడి పిల్లోన్ని ఇచ్చేస్తానా?"

గల్ఫ్‌లోని సలాలాలో, పెళ్ళి మాటలకని వచ్చిన ఆ జపాన్ ఇంజనీరు ఇంట్లో, పొట్టి బల్ల చుట్టూ అందరూ నేల మీద కూర్చుని ఉన్నారు. వీరబ్రహ్మం రైసూత్ పోర్టులో క్రేన్ నడుపుతాడు. ఆ క్రేన్లన్నిటికీ పెద్ద ఈ ఇవకాజి సార్. ఆయన ఒక్కగానొక్క కూతురు యుమి, వీరబ్రహ్మం ఒకరినొకరు ఇష్టపడ్డారు. పెళ్ళికి సార్ కాదనలేదు. కానీ ముందు అల్లుణ్ణి కొడుకుగా దత్తత చేసుకుంటాడట. వీరబ్రహ్మం వాళ్ళ ఇంటిపేరే పెట్టుకోవాలట. పుట్టబోయే పిల్లలకూ అదేనట.

సార్ ఆగి ఆగి ఇంగ్లీషులో చెబుతుంటే వీరబ్రహ్మం తల్లికి తెలుగులో చెబుతున్నాడు.

"కొడుకుల్లేని ఇండ్లల్లో అల్లుణ్ణి ఇట్లే చేసుకుంటారంట మా. వాళ్ళకు ఇది మామూలేనంట. ఇవకాజి అనే పేరు జపాన్ మొత్తానికి నాలుగిండ్లకే ఉందంట. మిగతా మూడిండ్లల్లో ముసలోళ్ళేనంట."

"ఉంటే?"

"ఎప్పుడో వాళ్ళ పెద్దలు ఒక దీవి కాడ, రాళ్ళ మధ్యన పడవలకు చుక్కాని పట్టేవాళ్ళంట. వాళ్ళు పట్టిన పడవ మునిగేది కాదని అక్కడి రాజు రాళ్ళ చుక్కాని అనే అర్థంతో ఆ పేరిచ్చినాడంట. నాలుగు వందల ఏండ్ల పేరంట."

"మనది సగిలేటోళ్ళ ఇల్లు. మనకు ఏ రాజూ ఇయ్యలేదు, మన ఊరి ఏరు సగిలేరే ఇచ్చింది. సెప్పు ఆయనకు."

వీరబ్రహ్మం చెప్పాడు. సార్ శ్రద్ధగా విని, ఆ పేరుగలవాళ్ళు ఎంతమంది ఉంటారని అడిగాడు.

మల్లీశ్వరి నడుం నిటారుగా చేసి కూర్చుంది. "పోరుమామిళ్ల బస్సులో రాయేస్తే సగిలేటోళ్ళకే తగుల్తాదని సెప్పు."

సార్ తల పంకించాడు. అంతమంది ఉన్నప్పుడు ఒకడు తగ్గితే నష్టమేమిటన్నాడు. మాకు ఆ ఒక్కడు చాలన్నాడు.

కొడుకు నోట ఆ మాట వినగానే మల్లీశ్వరికి ఒళ్ళు మండిపోయింది. "సగిలేటోళ్ళు శానామంది ఉంటే ఉండనీ. నాకు ఒగడే గదరా. నేను పోతే కొరివి ఎవురు పెడ్తారు? మీ పోర్టు క్రేను పెడ్తాదా?"

"పెట్టే చేయి నాదే గదా మా. పేరు మారితే చేయి మారుతుందా?"

"మారుతాది. దత్తత పోయినోడు కన్నతల్లికి పరాయోడు. అట్ల పోయిన మా చిన్నాయన మా అవ్వ పాడె కాడ దూరంగా నిలబడుకున్యాడు, ఊరికి కొత్తోని మాదిరి. దగ్గరికి రానియ్యలేదు. నేను సూసినా ఈ కండ్లతో."

వీరబ్రహ్మం ఆ మాట సార్‌కు చెప్పలేదు. సార్ కూడా అడగలేదు. అరచేత్తో బల్ల మీద గట్టిగా చరిచాడు. ఈ పేరు తనతో చచ్చిపోతే పైనున్న పెద్దలకు ఏం జవాబు చెప్పాలన్నాడు. దత్తత లేకపోతే పెళ్ళి లేదన్నాడు. యుమి వాళ్ళ భాషలో ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపేశాడు. ఆ పిల్ల కళ్ళనీళ్ళు బల్ల మీద పడ్డాయి.

వీరబ్రహ్మం ఆ పిల్లనే చూశాడు. తల్లి వైపు చూడలేదు. "నేను ఒప్పుకుంటాను సార్" అన్నాడు ఇంగ్లీషులోనే.

అంతమాత్రం ఇంగ్లీషు మల్లీశ్వరికి తెలుసు.

లేచింది. మోకాళ్ళు పట్టేసి తూలింది. కొడుకు చెయ్యందిస్తే విదిలించింది. "ఆ చెయ్యి వాళ్ళకిచ్చినావు గదా. ఇంక నన్ను ముట్టాకు."

గుమ్మం దగ్గర సార్ భార్య మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. వచ్చినప్పటి నుంచి టీ పోయడమే తప్ప నోరు విప్పని మనిషి. ముసురుకు తడిసిన మల్లీశ్వరి చెప్పులను తుడిచి, ముందు భాగం వాకిలి వైపుకు తిప్పి పెడుతోంది.

"సూసినావా? పొమ్మని సెప్పులు తిప్పి పెడ్తాంది."

"అది మర్యాద మా. సులువుగా తొడుక్కుంటారని వాళ్ళు అట్లనే పెడతారు."

"తగలబడనీ మీ మర్యాద."

చెప్పుల్లో కాళ్ళు పెట్టబోతుంటే ఆమె మల్లీశ్వరి చెయ్యి పట్టుకుంది. సలాలా అంగళ్ళలో నేర్చుకున్న హిందీలో, లోపలికి వినబడేంత గట్టిగా మాట్లాడింది.

"దీదీ, నీ కొడుకును ఎవరికీ ఇవ్వద్దు. దత్తత లేదు. పేరు మార్చడం లేదు. పెళ్ళి నేను చేస్తాను."

మల్లీశ్వరి కోపం ఇంకా దిగలేదు. తనూ వచ్చీరాని హిందీకి దిగింది. "నువ్వంటే సరిపోతాదా? లోపల మీ ఆయన వాళ్ళ తాతల పేరు పట్టుకుని కూచున్యాడు గదా."

లోపలి నుంచి సార్ కటువుగా ఏదో కేకేశాడు. ఆమె వెనక్కి తిరగలేదు. పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"వాళ్ళు ఆయన తాతలు కాదు దీదీ, నా తాతలు. మా నాన్న ఆయన్ని దత్తత తెచ్చుకున్న రోజు ఆయన తల్లి ఇలాగే లేచి వెళ్ళింది, మళ్ళీ కొడుకు ముఖం చూడకుండానే చనిపోయింది."