కాళ్ళు లేని పిట్ట

"దీనికి కాళ్ళు లేవు కమిల్లా. పుట్టుకతోనే లేవు. గాల్లోనే తింటుంది, గాల్లోనే నిద్రపోతుంది," అన్నాడు డాక్టర్ ఫుల్వియో.

తూర్పు దీవుల నుంచి ఓడలో వచ్చిన ఎండిన పిట్ట బల్ల మీద ఉంది. పసుపుపచ్చ తోక, వేలెడంత ముక్కు. కమిల్లా పొట్ట కింది ఈకలు పక్కకి తీసి చూసింది.

"ఎవరో కోసేశారండీ. ఇవిగో గాట్లు."

"ఇంతింత గ్రంథాలు లేవంటుంటే నీకెక్కణ్ణుంచి కనబడ్డాయమ్మా? బొమ్మ వెయ్యి, వెయ్యి."

వాదిస్తే ఇంకో వారం. కమిల్లా కుంచె అందుకుంది. డాక్టరు రాస్తున్న పక్షుల పుస్తకంలో ఆమె వెయ్యాల్సిన ఆఖరి బొమ్మ ఇదే. ఇది పూర్తయిన రోజే పార్మాకు బండి కడతానని డాక్టరు మాటిచ్చాడు. అక్కడ దాది దగ్గర ఆమె నాలుగేళ్ళ కూతురు తెస్సా ఉంది. చూసి ఏడాదిన్నర అయింది. అమ్మని గుర్తుపడుతుందో లేదో!

పార్మాలో దొరసాని ఆమెను రెండు చిలకలతో పాటు ఒకే బండి ఎక్కించి, బొలోన్యాలో ఈ డాక్టరింటికి పంపేసింది. ఆనాటి నుంచి ఈ గది, బయట గడియ. పుస్తకం చూడ్డానికి వచ్చిన పెద్దమనుషులు బొమ్మల్ని ఒక చూపు చూసి, ఆమె వైపు గుడ్లప్పగించి నిలబడేవాళ్ళు.

"ఆడది కుంచె పట్టడం వాళ్ళకి విడ్డూరం తల్లీ," అనేవాడు డాక్టరు.

వంటమనిషి మెనికా శనగల సూపు తెచ్చి పెట్టింది.

"మూట కూడా కట్టేసుకున్నావా? దొరసానే నీ మొహం చూసి మురిసిపోయి అన్నాళ్ళు అట్టేపెట్టుకుంది. ఈయన వదుల్తాడా పిచ్చిదానా?"

"మాటిచ్చారు."

"ఆ, ఇచ్చారులే. సూపు చల్లారిపోతోంది, తాగు."

కమిల్లా కాళ్ళు లేకుండానే పిట్టని వేసింది. అబద్ధం గీస్తున్నానని సిగ్గేసింది. కానీ తెస్సా కోసమైతే ఎన్ని కాళ్ళనైనా చెరిపేస్తుంది.

డాక్టరు బొమ్మని వెలుతురులో పెట్టి చూశాడు. "భేష్! ఒక్కో ఈకా లెక్కపెట్టుకోవచ్చు. అవునూ, మీ పాప నీ పోలికేనా?"

"అచ్చం నేనేనండీ," అంది కమిల్లా. ఎన్నాళ్ళకో నవ్వొచ్చింది.

డాక్టరు కిటికీలోంచి కింద ఎవరికో చెయ్యి ఊపాడు. గుర్రాల చప్పుడు. కమిల్లా మూట చంకన పెట్టుకుని పరిగెత్తుకొచ్చి చూసింది. ఖాళీ బండి గేటు దాటిపోతోంది.

"అయ్యయ్యో, ఆపండి! నేను ఎక్కలేదు!"

"అది నీ కూతుర్ని తేవడానికి వెళ్ళింది తల్లీ," అంటూ డాక్టరు బల్ల మీద కొత్త కాగితం పరిచి, ఆమె ఎదురుగా అద్దం నిలబెట్టి, "ఈలోపు వింత మనుషుల పుస్తకంలోకి నీ బొమ్మ నువ్వే వేసెయ్యి, నుదుటి నుంచి గడ్డం దాకా మొహమంతా కప్పేసిన ఆ బొచ్చులో ఒక్క వెంట్రుకా వదలకు, పాపది పక్క పుటలో వేద్దాం," అన్నాడు.