అద్దం నడుమ వాన

"పాతదే పెట్టెయ్ రా," అంది ఎడువీహెస్ అత్త, అద్దానికి వీపు తిప్పి.

అన్సెల్మోకి ఒళ్ళు మండింది. ముఖం చూసుకునే ఆ స్మార్ట్ అద్దం మీద వాన, ఎండ కబుర్లు అక్షరాల్లో చూపించే సాఫ్ట్‌వేర్‌ని మిత్రులతో కలిసి ఏడాదిగా కొత్తగా రాశాడు. సాయంత్రమే విడుదల. జనం దానికి తగిలించుకున్న పాత ప్రోగ్రాములేవీ చెడకూడదని పంతం.

"మన వల్పరైసో ఊరి వాన కబురు చక్కగా వస్తోందిగా అత్తా. అది అద్దం నడుమ పడే తప్పు దిద్ది, మూలకి జరిపానంతే."

"తప్పని నీకెవరు చెప్పారు?"

"ముఖానికి అడ్డం కదా. ఇన్నాళ్ళూ ఎలా చూసుకున్నావు?"

అత్త మెల్లగా అద్దం వైపు తిరిగింది. నిన్నటిదాకా వాన కబురుండే చోట కుట్లు పడ్డ బుగ్గ కనబడింది. చప్పున కళ్ళు మూసుకుంది.

ఆ బుగ్గని అన్సెల్మో రోజూ చూస్తూనే ఉన్నాడు. ఆవిడ చూసుకోవడం ఇవాళే చూశాడు.

లాప్‌టాప్ తెరిచి, వాన కబురుని మళ్ళీ అద్దం నడుమకే జరిపాడు.

"అక్షరాలు ఇంకాస్త లావుగా పెట్టనా అత్తా?"