శంఖానికీ శంఖానికీ మధ్య

ఆఖరి శంఖం మోగి లుపే గుమ్మం దిగేసరికి, మొగుడు ఇయాకోపో రోడ్డు పక్క కాలువలో నెత్తుటి ముద్దై పడి ఉన్నాడు.

సమోవాలో సాయంత్రం ప్రార్థన వేళ అంటే వేళే. మొదటి శంఖానికి సాలెఫూ ఊరంతా ఇళ్లలో కూర్చోవాలి. ఆఖరి శంఖం దాకా రోడ్డు మీద కాలు పెట్టకూడదు. ఊరికి రెండు కొసలా కాపలావాళ్లు నిలబడి బండ్లు ఆపేస్తారు. ఆ పావుగంటలోనే తప్పించుకున్న పందిపిల్ల వెనక పరుగెత్తాడు ఇయాకోపో.

లుపే కేకకి అందరికంటే ముందు వచ్చింది సార్జెంట్ పెలెనాటో. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ ఊరికి పోలీసంటే ఆయనే. ఎవరి కోడి ఎవరింట ఉడుకుతోందో వాసన చూసి చెప్పగలడు. కేసు మాత్రం రాయడు. దొంగనీ, కోడి పోయినవాణ్ణీ పక్కపక్కన కూర్చోబెట్టి ఆ కూరే తినిపిస్తాడు.

ఇయాకోపో తల ఒళ్లో పెట్టుకుని, తన చొక్కా చింపి కట్టు కట్టాడు.

"ఏ బండిరా?" కాపలావాళ్ల మీద విరుచుకుపడ్డాడు లుపే కొడుకు టవితా.

"ఏ బండీ రాలేదు. ఏ బండీ పోలేదు" అన్నారు రెండు కొసలవాళ్లూ. బైబిలు మీద చెయ్యి వేసి మరీ అన్నారు.

అయితే ఊళ్లో బండే. ఊళ్లో ఉన్నవి మూడు. పాస్టరు గారి వ్యానుకి టైర్లు లేవు. బస్సు ఆ రోజు పట్నంలోనే ఉండిపోయింది. మిగిలింది కొట్టు సెఫో పికప్పు. దాని ముందు దీపం పగిలి ఉంది.

"కొబ్బరికాయ పడి పగిలింది! పోయిన నెలలోనే!" మొత్తుకున్నాడు సెఫో.

"ఆ కొబ్బరికాయ లుంగీ కట్టుకుని పంది వెనక పరుగెత్తుతోందా?" అంటూ టవితా కొబ్బరికత్తి తీశాడు.

పెలెనాటో మధ్యలో దూరి సెఫోని లాక్కెళ్లి స్టేషన్ గదిలో పెట్టి తాళం వేశాడు. "వీడే కదూ?" అని జనం అడిగితే "ముందు ఇళ్లకి పదండి" అన్నాడు.

ఇయాకోపో పట్నం ఆసుపత్రిలో కళ్లు తెరవలేదు. ఇంటికీ ఆసుపత్రికీ మధ్య లుపే నలిగిపోయింది. సార్జెంట్ పొద్దునా సాయంత్రం మోకాళ్లు పట్టుకుని ఆమె ఇంటికి నడిచే వచ్చేవాడు. నెలాఖరు కదా, జీపులో పెట్రోలు అయిపోయి ఉంటుందనుకుంది లుపే. ఓ సాయంత్రం కోకో పోసి, ఉడికిన చామదుంప ముందు పెట్టింది. ఆయన ముట్టలేదు.

"ఇన్నేళ్లూ నా కుండ అడుగు గీకి తిన్న మనిషివి. ఇప్పుడేమొచ్చింది అన్నా?"

"కడుపులో బాగాలేదు చెల్లెమ్మా."

లుపే ఆయన కాళ్ల దగ్గర కూలబడింది. "నా కొడుకు కత్తి నూరుతున్నాడన్నా. రాత్రంతా అదే చప్పుడు. సెఫోని నరికేస్తాడు. మొగుడు మంచం మీద, కొడుకు జైల్లో. ఇంక నేనెవరికి వండాలి? చేసినవాణ్ణి ఒప్పుకోమను. చాప కప్పుకుని నా వాకిట్లో కూర్చోమను. ఎత్తేస్తాను."

అక్కడి ఆచారం అది. తప్పు చేసినవాడు తెల్లారేసరికి చుట్టాలతో వచ్చి ఎదుటివాళ్ల వాకిట్లో, తన వంశపు చాప నెత్తి మీదుగా కప్పుకుని కూర్చోవాలి. ఆ ఇంటివాళ్లు చాప ఎత్తితే క్షమించినట్టే. ఇక ఆ మనిషి మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. ఎత్తకపోతే రాళ్లున్నాయి, కత్తులున్నాయి.

"ఎవరైనా ఎత్తుతావా?" అన్నాడు పెలెనాటో.

"ఎవరైనా. ముందే మొహం చూసి ఎత్తితే అదేం క్షమించడం?"

ఆయన చల్లారిపోయిన కోకో పక్కకి జరిపాడు. "ఆదివారం తెల్లారేసరికి తెస్తాను" అని లేచాడు.

శనివారం మధ్యాహ్నం ఇయాకోపో పోయాడు.

టవితా ఏడవలేదు. కత్తి పట్టుకుని సరాసరి స్టేషన్‌కి నడిచాడు. వెనకే పరుగెత్తింది లుపే. తలుపుకి అడ్డంగా నిలబడి ఉన్నాడు సార్జెంట్.

"తప్పుకో మావయ్యా. నీకేం? పోయింది నీ నాన్నా?"

"ముందు నన్ను నరికి లోపలికెళ్లరా."

"వాడి కోసం నువ్వు చస్తావా?"

"నరకరా టవితా." ఆ గొంతు బెదిరిస్తున్నట్టు లేదు, బతిమాలుతున్నట్టు ఉంది. టవితా చెయ్యి దిగిపోయింది.

"రేపు పొద్దున దాకా. నీ మాట మీద. ఆ తర్వాత ఈ తలుపూ ఆపదు, నువ్వూ ఆపలేవు."

ఆదివారం. కోడి కూసింది. వాకిట్లో, మంచుకి తడిసిన కంకర మీద, చాప కింద ఒక మనిషి మోకరిల్లి ఉన్నాడు. పక్కన చుట్టాలెవరూ లేరు. ఒక్కడే.

"వదిలేశారు ఆ సెఫోని!" టవితా ఒక్క దూకు దూకాడు.

లుపే కొడుకు మణికట్టు పట్టుకుని వేలాడింది. "ఒక్క శవం చాల్రా నాకు! ఇంకోటి కావాలంటే ముందు నన్నే నరుకు!"

కత్తి కింద పడింది. టవితా అప్పుడు ఏడ్చాడు.

లుపే చాప అంచు పట్టుకుంది. కాలువలో ఇయాకోపో పడి ఉన్న తీరు కళ్ల ముందు మెదిలింది. కళ్లు మూసుకుంది. పళ్ల బిగువున చాప ఎత్తి అవతలకి విసిరేసింది.

"కాపలావాళ్లు అబద్ధమాడలేదు చెల్లెమ్మా," అన్నాడు పెలెనాటో తల ఎత్తకుండానే, "ఇయాకోపోని గుద్దిన నా జీపుని ఈ ఊళ్లో ఎవ్వరూ బండి కింద లెక్కెయ్యరు."