నల్ల పట్టీల సినిమా

చొక్కా విప్పగానే నీలిమ చేతిలో చెంబు జారిపోయింది. ఐదేళ్ళ పండు వీపు మీద నాలుగు వాతలు. రెండు నల్లబడ్డాయి. రెండు ఇంకా ఎర్రగా తడితడిగా ఉన్నాయి.

"ఎవరు కొట్టార్రా?"

"పడిపోయాను."

"పడితే గీత గీసినట్టు తేల్తాయేటి? నిజం చెప్పు నాన్నా."

పండు నేల చూపులు చూశాడు. "కొంగొస్తే దెబ్బలు పడతాయమ్మా. సినిమాలో కొంగ. ఎర్ర తలపాగా ఉంటాది."

అప్పుడే స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్ డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటున్న నూకరాజు పకపకా నవ్వాడు. "ఎలుగుబంటి బొమ్మల సినిమాలో కొంగెక్కడిదిరా? వందసార్లు చూశాం. పైగా దానికి తలపాగా ఒకటి." కొడుకు వీపు కంటబడ్డాక ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఇంట్లో ఉన్నది ఆ ఒక్క డిస్కే. పవర్ హౌస్ బజారులో కొన్నాడు. మొదట తెచ్చినదానికి టీవీలో పైనా కిందా నల్ల పట్టీలు పడ్డాయని నూకరాజు వెనక్కి వెళ్ళి కొట్టువాడి కాలరు పట్టుకున్నాడు. "సగం బొమ్మ అంటగడతావా?" వాడు గింజుకుంటూనే చెప్పాడు. "భయ్యా, పూరా బొమ్మ ఉన్నది అందులోనే. మీ టీవీ నిండా రావాలంటే రెండు పక్కలా కోసేసింది ఉంది, పట్టుకెళ్ళండి." కోసేసిన డిస్కునే గెలిచినట్టు పట్టుకొచ్చాడు నూకరాజు.

అందులో ఎలుగుపిల్ల పడవెక్కి ఏరు దాటే చోట డప్పులు చెవులు చిల్లులు పడేలా మోగుతాయి. ఎలుగుపిల్ల పక్కకి తిరిగి ఎవరికో దండం పెడుతుంది. అక్కడ ఎవరూ ఉండరు. పది రోజులుగా ఆ చోటు రాగానే పండు మోకాళ్ళలో తల దూర్చుకుని ముడుచుకుపోతున్నాడు. డప్పులకి జడుస్తున్నాడనుకుంది నీలిమ.

మధ్యాహ్నాలు ఆమె కుట్టు సెంటరుకి పోతుంది. పండుకి ఎదురు క్వార్టరులో లక్ష్మీప్రసన్న దగ్గర ఒక గంట అక్షరాలు, మిగతాసేపు నాయనమ్మ దగ్గర. డిస్కు పెట్టేది నాయనమ్మే.

నీలిమ పిల్లాణ్ణి ఎత్తుకుని ముందు లక్ష్మీప్రసన్న దగ్గరికి పరిగెత్తింది.

వీపు చూసి ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. లోపల్నుంచి మందు తెచ్చి మెత్తగా రాసింది. పండు బిగుసుకుపోయి నిలబడ్డాడు.

"నిన్న బలపం పట్టుకుంటేనే చెయ్యి వణికింది నీలిమక్కా. అడిగితే చెప్పలేదు."

"సినిమా పెడితే దెబ్బలంటున్నాడు ప్రసన్నా."

"చదువు దగ్గర సినిమాలేంటి? మా టీవీ మీద కప్పిన గుడ్డ తీసి ఎన్నాళ్ళయిందో చూడు. మీ ఇంట్లో పెట్టేదెవరో నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. నీలిమ ఇంటికొచ్చేసరికి అత్త సింహాచలమ్మ వంటింట్లో చపాతీలు వత్తుతోంది.

"నా బిడ్డని దేంతో కొట్టావత్తా?"

"నానేటి? ఆడిమీద సెయ్యెత్తితే నా సెయ్యిరిగిపోద్దే."

"డప్పులు మోగుతుంటే ఏడుపు బయటికి వినబడదని అప్పుడు చూసి కొట్టావు కదూ?"

"నీకేటి పిచ్చెక్కిందా?"

నీలిమ ఆమె చేతిలోంచి చపాతీ కర్ర లాక్కుంది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది తల మీద పడబోతే ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది. మణికట్టు పటుక్కుమంది. నూకరాజు వచ్చి పెళ్ళాం చెంప పగలగొట్టాడు. పెదవి చిట్లి నెత్తురు కారుతున్నా ఆమె కర్ర వదల్లేదు.

"ముందు ఆ వీపు చూడు! తరవాత నన్ను చంపు!"

నూకరాజు వీపు వైపూ తల్లి వైపూ మార్చి మార్చి చూశాడు. ఎవర్ని కొట్టాలో తెలీక డిస్కు తీసి నాలుగు ముక్కలు చేశాడు. ప్లేయరుని నేలకేసి కొట్టి కాలితో తొక్కాడు.

"మామ్మ కాదు," పండు వెక్కుతున్నాడు. "కొంగ..."

"మళ్ళీ కొంగంటే పళ్ళు రాలగొడతాను!" నూకరాజు చెయ్యెత్తాడు. నీలిమ అడ్డంపడి పిల్లాణ్ణి పొదువుకుంది. మామ్మకి జడిసే అలా అంటున్నాడనుకుంది.

ఆటో వచ్చింది. సింహాచలమ్మ విరిగిన చేతిని కొంగుతో మెడకి కట్టుకుని కూర్చుంది. కోడల్ని ఒక్క తిట్టు తిట్టలేదు. "పిల్లాణ్ణి ఒంటరిగా ఒదలకు," అంది అంతే.

"నీ దగ్గర మాత్రం వదల్ను."

లక్ష్మీప్రసన్న తన గుమ్మంలోనే చేతులు చాచి నిలబడింది. "నువ్వు వెళ్ళక్కా. నేను చూసుకుంటాను."

పండు తల్లి చీర కుచ్చిళ్ళు రెండు చేతులా పట్టుకున్నాడు. "నేనూ వస్తానమ్మా."

"ఆస్పత్రికి వద్దు నాన్నా. ఇక్కడ నిన్ను కొట్టేవాళ్ళెవరూ లేరు."

వాడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి వచ్చింది.

ఆటో సెక్టారు మలుపు తిరిగాక ప్లాంటు ఆస్పత్రిలో చూపించాల్సిన మెడికల్ బుక్కు మరిచిపోయామని గుర్తొచ్చింది. "మీరు వెళ్తూండండి, తెస్తాను," అని దిగి నీలిమ వెనక్కి నడిచింది.

మెట్ల దగ్గరికి రాగానే డప్పులు వినిపించాయి. చెవులు చిల్లులు పడేలా. తమ ఇంట్లోనే అనుకుని తాళం తీయబోయి ఆగింది. డిస్కు ముక్కలు లోపల నేలమీదే ఉన్నాయి కదా.

ఎదురింటి తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసింది. టీవీ గుడ్డ మడత పెట్టి కుర్చీ మీద ఉంది. తెర మీద పైనొక నల్ల పట్టీ, కిందొక నల్ల పట్టీ. మధ్యలో పడవలోంచి ఎలుగుపిల్ల పక్కకి తిరిగి దండం పెట్టింది.

తమ డిస్కులో ఎవరూ లేని చోట, తెర అంచున, ఎర్ర తలపాగా కొంగ తల ఊపింది.