గడియ అటువైపే

సముద్రం ఊరిని మింగేశాక భీమిలి జనం లంగరేసిన పాత ఓడల్లోనే కాపురాలు పెట్టారు. మరిడమ్మ ఇల్లు ఓడ ముక్కు గదిలో. ఆ గదికీ వెనకిళ్లకీ మధ్య ఉక్కు గోడ. ఓడ ముక్కు పగిలి నీళ్లొచ్చినా వెనక్కి పోకుండా అది ఆపాలి.

గోడను పరీక్షించినప్పుడల్లా నీళ్లు కొట్టేది మరిడమ్మ వంటింట్లోనే. ఈసారీ ఇన్‌స్పెక్టరు గొట్టం పట్టుకుని అతుకుల వెంబడి నీళ్లు చిమ్మాడు. గోడకి అవతలివైపు పూసిన సుద్ద మీద తడి చార కూడా పడలేదు. వెనకింటివాళ్లు గోడలో ఎత్తు గడప మీదున్న తలుపు తీసి చప్పట్లు కొట్టారు. ఇవతల పొయ్యి తడిసి, చెప్పులు తేలుతున్నాయి.

"గోడ బ్రహ్మాండంగా ఉందమ్మా. చుక్క నీరు దాటదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నీరు దాటదు సరే బాబూ. మేమెలా దాటాల? తలుపుకి ఇటేపు గడియేది?"

"అటువైపుంది కదా. పిలిస్తే వాళ్లే తీస్తారు."

"నీళ్లొచ్చినప్పుడు కూడానా?"

అతను గొట్టం చుట్టబోయాడు. మరిడమ్మ అది లాక్కుని మళ్లీ నీళ్లు వదిలింది. రెండో చేత్తో తలుపు లాగేసింది. అవతల గడియ దానంతటదే పడింది. నీళ్లు అతని బూట్లలోకి దిగాయి.

"ఇప్పుడు పిలు బాబూ," అంది. "ఎవరొచ్చి తీత్తారో నానూ సూత్తాను."