పనికొచ్చేవే తెండి

కట్టిన బ్యాగును బాలమణి మళ్ళీ విప్పించింది.

మనవరాలు దీక్షిత జిప్పు లాగింది. మడతపెట్టిన చుడీదార్లన్నీ తీసి గచ్చు మీద పరిచింది. బాలమణి ఒక్కొక్కటే దులిపి చూసింది. పుస్తకాల మధ్య వేళ్ళు పెట్టి చూసింది. అడుగున చిన్న డబ్బీలో బంగారు కమ్మలు కనిపించేసరికి కళ్ళెర్రజేసింది. కాలేజీకి పెట్టుకుపోవడానికని పిల్ల చెప్పినా వినకుండా కొంగున ముడేసుకుంది.

"బంగారం ఇంట్లుంటే మనిషి ఇంటికొస్తది," అంది.

ఇంటర్ పాసై వికారాబాద్‌లో డిగ్రీ సీటు తెచ్చుకున్న పిల్ల. తాండూరు నుంచి రోజూ ఎంతమంది రైల్లో పోయి రావడం లేదు? హాస్టలే కావాలని పట్టుబట్టింది కోడలు అరుణాదేవి. పెళ్ళయిన నాటి నుంచి గట్టిగా ఒక్క మాట అనని మనిషి, ఈ విషయంలో మొండికేసింది. కొడుకు సుధాకర్ అన్నం పళ్ళెం విసిరికొట్టాడు. ఆమె మెతుకులు ఏరి, గచ్చు తుడిచి, మళ్ళీ అదే మాట అంది. మర్నాడు కూడా పళ్ళెం ఎగిరింది. మర్నాడు కూడా ఆమె అదే మాట అంది.

బాలమణి భయం వేరు. ఆమె చిన్న కూతురు అమూల్య ఇలాగే ఓ బ్యాగు పట్టుకుని కంప్యూటర్ నేర్చుకోవడానికి హైదరాబాద్ పోయింది. అక్కడ ఎవరినో చేసుకుని అటునుంచి అటే పోయింది. అప్పటి నుంచి ఆడపిల్ల చేతిలో బ్యాగు చూస్తే చాలు, బాలమణి దాన్ని విప్పించి చూడందే వదలదు.

ఆ భయం చాలదన్నట్టు కోడలు పరువు కూడా తీసింది. పిల్ల పాసైతే చుట్టాలొచ్చి కొత్త బట్టలు పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. అరుణాదేవి అందరికీ ముందే ఫోన్లు చేసి, బట్టలు వద్దు, వాచీలు వద్దు, చవకదైనా సరే పనికొచ్చేది తెండని చెప్పింది. ఎవరేం తేవాలో కూడా తనే చెప్పింది. అలా ఆమె తమ్ముడు నవీన్ చిన్న కుక్కరు తెచ్చాడు. అతని భార్య కరెంటు పొయ్యి తెచ్చింది. పక్కింటి మార్త బకెట్, మగ్గు తెచ్చింది. ఇంకెవరో దుప్పట్లు, ఇంకెవరో తాళంకప్ప. అన్నీ కలిపి అరుణాదేవి కందుల గోనెసంచిలో సర్దింది.

బాలమణి కాలితో ఆ సంచిని తట్టింది. లోపల కుక్కరు మోగింది.

"గిది చదువుకు పోతున్నట్టు లేదు, కాపురం పెట్టబోతున్నట్టున్నది. ఎవడే వాడు?"

దీక్షిత తల్లి వైపు చూసింది.

"హాస్టల్ల ఆదివారం వండరు అత్తమ్మా," అంది అరుణాదేవి, తాడుతో సంచి మూతి బిగిస్తూ.

"తిండి పెట్టనిది ఏం హాస్టలే?"

గుమ్మంలో నిలబడి చూస్తున్న మార్త నవ్వింది. "నీ కోడలిది మస్తు తెలివి పెద్దమ్మా. మా పిల్ల పాసైనప్పుడు అందరూ గోడగడియారాలే తెచ్చిన్రు. ఇప్పుడు మా ఇంట్ల ఏ గోడ మీద చూసినా ఒక్కో టైము."

బాలమణి నవ్వలేదు. మార్త నవ్వు మధ్యలోనే ఆపి ఇంటికి పోయింది.

సుధాకర్ కొన్న బహుమతి కూడా పనికొచ్చేదే. కొత్త ఫోను. పిల్ల ఎక్కడ తిరిగినా తన ఫోనులో కనిపించేలా దుకాణంలోనే పెట్టించి మరీ తెచ్చాడు. పిల్ల చేతిలో పెడుతూ, ఇది ఒక్కసారి బంద్ అయినా ఆ రోజే వచ్చి జుట్టు పట్టి ఈడ్చుకొస్తానన్నాడు. దీక్షిత తల ఊపింది. అతను పెళ్ళాం వైపు తిరిగాడు. మార్కెట్లో కందుల పని విడిచి తాను రాలేడట. దింపేది తల్లి పనేనట. సాయంత్రం రైలుబండికల్లా తిరిగి రావాలని, రాత్రికి షావుకార్లను భోజనానికి పిలిచానని, ఆలస్యమైతే బాగుండదని చెప్పి, జవాబు కోసం ఆగకుండా బండి స్టార్ట్ చేసుకుని పోయాడు.

ఆటో వచ్చింది. గడప దగ్గర బాలమణి మనవరాలి రెక్క పట్టుకుంది.

"పోతున్న అని చెప్పి పోతవా? మీ అత్త అమూల్య గట్లనే అన్నది. పోయొస్త అను."

"పోయొస్త నానమ్మా."

"గట్టిగ అను. నా తల మీద చెయ్యి పెట్టి అను."

పిల్ల ఆ నెరిసిన తల మీద చెయ్యి పెట్టి, ఏడుస్తూ అంది. అయినా బాలమణి రెక్క వదల్లేదు. వేళ్ళు బిగుసుకుపోయాయి. అరుణాదేవి వచ్చి ఆ వేళ్ళను మెల్లగా విడదీసింది.

"మీ ఫికర్ బిడ్డ గురించే గదా అత్తమ్మా. బిడ్డ వస్తది. ఆ జిమ్మెదారి నాది."

"రాకపోతే నీ సంగతి చెప్త," అంది బాలమణి.

అరుణాదేవి గోనెసంచి ఎత్తి ఆటోలో పెట్టుకుంది. దాని పక్కన ఒదిగి కూర్చుంది. ఆమెను పోయొస్త అనమని ఎవరూ అడగలేదు. ఆటో పాలిష్ బండల దుకాణాలు దాటి, తెల్లటి దుమ్ములో కలిసి స్టేషన్ వైపు మలుపు తిరిగేదాకా బాలమణి పిల్ల జడనే చూస్తూ నిలబడింది.

ఆమె భయపడ్డట్టు ఏమీ కాలేదు. దీక్షిత ఆ శనివారమే వచ్చింది. తర్వాతి శనివారమూ వచ్చింది. బతుకమ్మకు వచ్చింది, ఉగాదికి వచ్చింది, ఇప్పటికీ సెలవు దొరికితే చాలు, ఫోను చేతిలో పట్టుకుని వచ్చి నానమ్మ పక్కన కూర్చుంటుంది.

పోయిన ఆషాఢంలో ఆ పిల్లను దింపడానికి గోనెసంచితో పోయిన అరుణాదేవే, ఆ సాయంత్రం బండికి గానీ, మళ్ళీ ఆషాఢం వచ్చినా ఇంకే బండికి గానీ తిరిగి రాలేదు.