కోటుకు లోపలి జేబు

పరుపుల షాపాయన కోటు విప్పి దర్జీ బల్ల మీద పరిచి, దాని పక్కన పిస్టల్ పెట్టాడు.

"దీనికి సరిపడా లోపలి జేబు కుట్టాలోయ్. పైకి ఉబ్బెత్తుగా కనబడకూడదు."

దర్జీ ఎడమవైపు జరిగాడు. పిస్టల్ మూతి ఇంకా తనవైపే ఉన్నట్టనిపించి కుడివైపు జరిగాడు.

"అన్నా, దాన్ని కాస్త గోడవైపు తిప్పుతావా?"

"ఖాళీదిరా బాబూ. ఇదిగో, తూటాల డబ్బీ తీసి నా దగ్గరే పెట్టుకున్నాను."

"ఇంతకీ నీకెందుకన్నా ఇది? పరుపులు ఎవడు ఎత్తుకుపోతాడు? ఎత్తుకుపోయినా వీధి చివరికి వెళ్లేలోగా అలిసిపోయి దాని మీదే పడుకుంటాడు."

"నీకేం, ఎన్నయినా చెబుతావు. నీ షాపులో దొంగ పడితే గుండీలు ఏరుకుని పోవాలి."

మూల స్టూలు మీద ఒకావిడ కూర్చుని ఉంది. చేతిసంచికి జిప్పు ఊడిపోతే కుట్టించుకోవడానికి వచ్చింది. యాభై దాటి ఉంటాయి, ఊరికి కొత్త. వీళ్ల మాటలు వింటోంది గానీ చూపు మాత్రం పిస్టల్ మీదే ఉంది.

"శిక్షణ తీసుకున్నారాండీ?" అని అడిగింది.

"దేనికమ్మా? తుపాకీ కొనాలంటే శిక్షణ ఉండాలన్న రూలు నిరుడే ఎత్తేశారుగా. మంచిపని చేశారు. లేకపోతే షాపు కట్టేసి, ఈ వయసులో పలకా బలపం పట్టుకుని బడికి పోవాల్సి వచ్చేది."

ఆవిడ చూపు పిస్టల్ మీంచి నేల మీదికి దించుకుంది.

"లైబ్రరీ మేడ మీద హాల్లో నేర్పుతున్నానండి, ఊరికే. ఈ ఊళ్లో ఇవాళ సాయంత్రమే ఆఖరి తరగతి. రాకూడదూ?"

"ఊరికే చెబితే ఎవరొస్తారమ్మా?"

"ఎవరూ రావడం లేదండి," అని ఆవిడ నవ్వేసింది.

"నాకు తీరికెక్కడిది? రేపు మా అమ్మాయి పిల్లాడితో వస్తోంది. వాడికి ఇప్పుడిప్పుడే పాకడం వచ్చింది, అందిందల్లా నోట్లో పెట్టుకుంటాడట. తుపాకీ ఇంట్లో ఉంటే వాళ్లని గడప దగ్గర్నుంచే వెనక్కి పంపేస్తానని మా ఆవిడ ఒకటే గొడవ. ఖాళీదే మొర్రో అంటే వినదు. అందుకే ఈ జేబు. కోటులో పెట్టి కుర్చీకి తగిలించేస్తే ఎవరి కంటా పడదు."

"మా ఇంట్లోదీ ఖాళీదేనండి. మొన్న వేసవిలో తుడుస్తుంటే గోడకి కన్నం పడింది."

దర్జీ కత్తెర కింద పెట్టాడు. "గోడ అవతల ఎవరైనా..."

"మా కోడలు ఉయ్యాల ఊపుతోంది. తూటా జడ పక్కనుంచి పోయింది. ఇప్పుడు నేను చీపురు పట్టుకున్నా సరే, పిల్లని తీసుకుని పక్కింటికి పోతుంది."

ఆ మాట ఆవిడ నవ్వుతూనే చెప్పింది.

"అది మీ తొందరపాటమ్మా. నాది చూసుకోండి, డబ్బీ తీసేశాక ఇక ఉత్త ఇనప ముక్కే."

ఆవిడ లేచి వచ్చింది. పిస్టల్ తీసుకుని మూతి నేలవైపు తిప్పి, పైభాగాన్ని గట్టిగా వెనక్కి లాగింది.

ఒక తూటా ఎగిరి గుండీల డబ్బాలో పడింది.

దర్జీ కుర్చీలో కూలబడ్డాడు. "అన్నా, ఇందాకట్నుంచి నా పొట్ట కొలత తీసుకుంటోంది ఇదా?"

"డబ్బీ తీసినా గొట్టంలో ఒకటి ఉండిపోతుందండి," అంది ఆవిడ మెల్లగా. "అందరూ చేసే పొరపాటే. డబ్బీ తీశాక ఇలా లాగి, లోపలికి చూసుకోవాలి."

పరుపుల షాపాయనకు ముచ్చెమటలు పట్టాయి. దర్జీ ముందు పరువు పోయిందన్న ఉక్రోషం ఒకపక్క. థాంక్స్ చెప్పాల్సిన నోటితో "ఏదో మర్చిపోయానులెండి" అని గొణిగి, పిస్టల్‌ను కోటులో చుట్టి చంకన పెట్టుకుని బయటపడ్డాడు.

"సాయంత్రం రండి. ఒక్కరొచ్చినా చెబుతాను," అంది ఆవిడ వెనకనుంచి.

ఆయన వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? పిస్టల్ మాత్రం షాపులో ఇనప బీరువాలో పెట్టి తాళం వేసి ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే మనవడు దిగాడు. దిగిన కాసేపటికే హాలంతా పాకేసి, కుర్చీకున్న కోటును కిందికి లాగి, జేబులన్నీ తడిమాడు. దువ్వెన దొరికితే నోట్లో పెట్టుకున్నాడు.

తాతయ్య వాణ్ణి గబుక్కున ఎత్తుకుని ఏడుస్తూ నవ్వుతుంటే, ఆయనకేమైందో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

ఆయన తిన్నగా షాపుకు వెళ్లి, ఉన్నవాటిలోకెల్లా మెత్తని దిండు చూసి తీసుకుని లైబ్రరీ మేడ ఎక్కాడు. హాల్లో ఓ పెద్దాయన కుర్చీలు సర్దుతున్నాడు.

"టీచరమ్మగారు లేరా?"

"పొద్దున బస్సుకే పక్కూరు వెళ్లిపోయారు బాబూ. నిన్న చీకటి పడేదాకా ఖాళీ కుర్చీల ముందు కూర్చున్నారు, ఒక్కరైనా వస్తారేమోనని."

పరుపుల షాపాయన దిండును గుండెకు హత్తుకుని నిలబడ్డాడు.

"మా మనవణ్ణి బతికించిందండీ ఆ తల్లి. ఆ రూలే ఉండుంటే ఈ హాలు కిటకిటలాడేది. ఎవడు తీయించాడో గానీ, వాడి నోట్లో..."

"తిట్టకండి బాబూ," అన్నాడు పెద్దాయన. "నిరుడు ఊరూరా సభలు పెట్టి, జనాన్ని కూడగట్టి ఆ రూలు తీయించింది ఆవిడే."